అభియోగానికి మొదటి పేజీ, తీర్పుకు లోపలి పేజీ: "అందరూ దొంగలే" అంటే ఎవరికి మేలు?

కృష్ణాతీరం | శనివారం, ఉదయం 9:12

2024 డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ కన్నుమూశారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఏ ఛానల్ పెట్టినా, ఏ పత్రిక తెరిచినా ఆయన మేధావి, మితభాషి, నిజాయతీపరుడు. పదేళ్ల క్రితం ఇవే ఛానళ్లు ఆయన్ని మౌనముని అని ఆడిపోసుకున్నాయి. 2014 జనవరి 3న ఢిల్లీలో జరిపిన విలేకరుల సమావేశంలో, నేటి మీడియా కంటే చరిత్రే తన పట్ల ఎక్కువ దయ చూపుతుందని ఆయన అన్నారు. ఆ మాటనూ అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు.

ఆయన ప్రభుత్వం తప్పులే చేయలేదని నేను వాదించడం లేదు. 2014లో సుప్రీంకోర్టు 214 బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేసింది. అది చిన్న విషయం కాదు. నా బాధ వేరు. 2010లో కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదిక 2జీ స్పెక్ట్రమ్, అంటే మొబైల్ ఫోన్ల తరంగాల కేటాయింపుల్లో 1.76 లక్షల కోట్ల రూపాయల నష్టాన్ని అంచనా వేసింది. ఆ అంకె చదువుకున్నవాడికీ, చదువుకోనివాడికీ కంఠతా వచ్చేదాకా వినిపించారు. 2017 డిసెంబర్ 21న ఢిల్లీలోని ప్రత్యేక సీబీఐ కోర్టు అప్పటి టెలికాం మంత్రి ఎ. రాజాతో సహా నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. మొన్న మా ఆఫీసులో ఈ ప్రస్తావన వస్తే, తీర్పు సంగతి తెలిసినవాళ్లు దాదాపు లేరు. "రాజా ఇంకా జైల్లోనే ఉన్నాడా?" అని ఒకాయన అడిగారు. ఆయన రోజూ రెండు పత్రికలు చదువుతారు.

తీర్పు మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. అసలు తీర్పు వచ్చిందనే కబురే చేరకపోతే పాఠకుడి మనసులో ఏం మిగులుతుంది? రాజకీయాల్లో ఉన్నవాళ్లంతా దొంగలే అన్న మాట ఒక్కటే మిగులుతుంది. నిజంగా దోచుకున్నవాడికి ఇంతకంటే మంచి రక్షణ ఏముంది? అందరినీ ఒకే గాటన కట్టేస్తే నిజాయతీపరుడికి ఒక్క ఓటూ పెరగదు, దొంగకు ఒక్క ఓటూ తగ్గదు. మీరేమంటారు?


లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 9:50

మీ ఆవేదన అర్థమైంది కానీ నిర్ధారణతో ఏకీభవించలేను. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని స్వయంగా అఫిడవిట్లలో రాసిచ్చారు. వారిలో 27 మందికి శిక్షలు కూడా పడ్డాయి. ఇవి ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం, అదే ఏడీఆర్, ఆ అఫిడవిట్ల నుంచి తీసిన లెక్కలు. ఏ విలేకరీ వీటిని కల్పించలేదు. జనం నిరాశలో ఉన్నారంటే కళ్లెదుట కనిపించేదాన్ని బట్టే. నేరం రాజకీయులది, నింద మీడియాకా?


న్యాయపక్షం | శనివారం, ఉదయం 10:35

ఇద్దరి మాటకూ కొంచెం చేర్పు అవసరం.

కృష్ణాతీరం గారూ, 2జీ కథను ఒక్క తీర్పుతో ముగించకండి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. కేటాయింపు పద్ధతే ఏకపక్షమని చెప్పింది. అది క్రిమినల్ తీర్పు కాదు, విధానంపై తీర్పు. 2017 నాటి విడుదలపై సీబీఐ అప్పీలుకు వెళ్లింది, ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో దాన్ని విచారణకు స్వీకరించింది. కాబట్టి "ఏమీ జరగలేదు" అన్నదీ నిజం కాదు, "లక్షల కోట్లు జేబులో వేసుకున్నారు" అన్నదీ రుజువు కాలేదు.

అయితే ఆ 2017 తీర్పులో న్యాయమూర్తి ఓ.పి. సైనీ రాసిన ఒక పేరా ఈ చర్చకు ప్రాణం. దాదాపు ఏడేళ్ల పాటు వేసవి సెలవుల్లో కూడా, ప్రతి పనిదినం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా కోర్టులో కూర్చుని, చట్టం ఒప్పుకునే సాక్ష్యం ఎవరైనా తెస్తారేమోనని ఎదురుచూశానని, ఒక్కరూ రాలేదని ఆయన రాశారు. పుకార్లు, ఊహాగానాలు పుట్టించిన ప్రజాభిప్రాయం వెంటే అందరూ నడిచారని కూడా రాశారు. ఆ ఏడేళ్లూ స్టూడియోల్లో సాక్ష్యాలు కుప్పలుగా పోశారు. కోర్టు మెట్లెక్కే సమయానికి అవి ఏమయ్యాయి?

మాస్టారు గారూ, మీ 251లో ధర్నా చేసినందుకు పెట్టిన కేసు నుంచి హత్యాయత్నం కేసు దాకా అన్నీ ఉన్నాయి. తీవ్రమైన కేసులున్నవాళ్లను ఏడీఆర్ వేరుగా లెక్కగట్టింది, వాళ్లు 170 మంది. ఆ తేడా చెప్పకుండా "సగం పార్లమెంటు నేరస్థులే" అని శీర్షిక పెట్టే అలవాటే ఇక్కడ మనం మాట్లాడుకోవాల్సింది.


లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 10:52

170 తక్కువా అండీ? దాదాపు మూడో వంతు. ఆ శీర్షిక పెట్టినవాడిని తప్పుపట్టే ముందు, ఆ టికెట్లు ఇచ్చిన పార్టీలను తప్పుపట్టండి.


న్యాయపక్షం | శనివారం, ఉదయం 11:05

తప్పుపడుతున్నాను. ఆ 170 మంది ఎవరో, ఏ పార్టీ ఎందుకు టికెట్ ఇచ్చిందో పేరుపేరునా రాసే విలేకరి కావాలంటున్నాను. అందరినీ కలిపి తిట్టడం తేలిక. పేరు పెట్టి రాస్తేనే ఆ పార్టీ సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.


పాత విలేకరి | శనివారం, మధ్యాహ్నం 1:20

రెండు దశాబ్దాలకు పైగా జిల్లా డెస్కుల్లో పనిచేసి బయటికొచ్చాను. లోపల పని ఎలా నడుస్తుందో చెబితే చర్చకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మీరు చదివే మండల వార్తను రాసేది చాలావరకు కంట్రిబ్యూటర్. అతనికి జీతం లేదు. అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంట్ వస్తుంది, అది నెలకు పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. కానీ పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనల టార్గెట్ మాత్రం ఉంటుంది. ఆ ప్రకటనలు ఎవరిస్తారు? ఎమ్మెల్యే అనుచరుడు, కాంట్రాక్టర్, రేషన్ డీలర్, సర్పంచ్. అంటే ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ల దగ్గరికే చేయి చాచి వెళ్లాలి. ఇచ్చినవాడు "అభివృద్ధి ప్రదాత" అవుతాడు. ఇవ్వనివాడి మురుగు కాలువ మరుసటి వారం ఫొటోతో సహా అచ్చవుతుంది. ప్రతి విలేకరీ ఇలా చేస్తాడని కాదు, చాలామంది కడుపు మాడ్చుకుని నిలబడ్డారు. కానీ ఏర్పాటే అలా ఉంది.

ఇక పైస్థాయిలో. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన బాగోతంపై ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని వేసింది. పరంజోయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు కలిసి 71 పేజీల నివేదిక రాశారు. పత్రికల పేర్లతో సహా రాశారు. మన రాష్ట్రం నుంచి కూడా అందులో సమాచారం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ స్వయంగా సర్వే చేసింది. కౌన్సిల్ ఏం చేసింది? పూర్తి నివేదికను పక్కనపెట్టి, పేర్లు లేని కుదించిన పాఠాన్ని విడుదల చేసింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి పాఠం బయటికొచ్చింది. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌పై ఎన్నికల సంఘం అనర్హత వేటు వేసింది, పెయిడ్ వార్తల ఖర్చు లెక్కల్లో చూపనందుకు. డబ్బు తీసుకుని అచ్చువేసిన వాళ్లకు అనర్హత లేదు.

రాజకీయ నాయకుడికి మీడియా అన్యాయం చేస్తోందని అన్నప్పుడు మనకు తిట్టే వార్తే గుర్తుకొస్తుంది. కొనుక్కున్న పొగడ్త కూడా అన్యాయమే. ఎదుట నిలబడిన, డబ్బులేని అభ్యర్థి పేరు ఎన్నిక ముగిసేదాకా అచ్చులో కనిపించదు. అతని గురించి చెడుగానైనా రాయరు. అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?


సిద్దిపేట చదువరి | శనివారం, మధ్యాహ్నం 2:15

పీవీ గారి పేరు ఇంకా ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ప్రధాని పదవి దిగాక ఆయన కోర్టుల చుట్టూ తిరిగినన్నేళ్లు ఈ దేశంలో ఏ మాజీ ప్రధానీ తిరగలేదు. జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసులో 2000లో ప్రత్యేక కోర్టు దోషి అంది. 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సెయింట్ కిట్స్ కేసు నిలవలేదు. బ్రిటన్ వ్యాపారి లఖూభాయ్ పాఠక్‌ను మోసగించారన్న కేసు 2003 డిసెంబర్‌లో కొట్టేశారు. మరుసటి డిసెంబర్‌కు ఆయనే లేరు. 2024లో భారతరత్న ఇచ్చారు. ఆ కేసులన్నీ నడిచిన కాలంలో ఆయన మూతి ముడుచుకున్న కార్టూన్లు వచ్చినన్ని, 1991లో ఆయన తెచ్చిన ఆర్థిక సంస్కరణల మీద వ్యాసాలు రాలేదు.

సెయింట్ కిట్స్ సంగతి యువతరానికి తెలియకపోవచ్చు. 1989 ఎన్నికల ముందు వి.పి. సింగ్ కుమారుడికి ఆ కరీబియన్ దీవిలోని బ్యాంకులో 2.1 కోట్ల డాలర్లు ఉన్నాయని పత్రికల్లో వచ్చింది. పత్రాలు నకిలీవని తర్వాత తేలింది. ఆ నకిలీ పత్రాల వెనక పీవీ కూడా ఉన్నారని పెట్టిన కేసే సెయింట్ కిట్స్ కేసు. అంటే ఒకే వ్యవహారంలో మొదట వి.పి. సింగ్, తర్వాత పీవీ, ఇద్దరూ నింద మోశారు. ఇద్దరి మీదా రుజువు కాలేదు.


లెక్కల మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:02

చదువరి గారూ, జేఎంఎం కేసునే తీసుకోండి. 1993 జూలైలో పీవీ ప్రభుత్వంపై పెట్టిన అవిశ్వాస తీర్మానం వీగిపోయింది. ఎంపీలు డబ్బు తీసుకున్నారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాల్లో దొరికింది. 1998లో సుప్రీంకోర్టు ఏమంది? డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు 105వ అధికరణ కింద రక్షణ ఉంది, విచారించడానికి వీల్లేదు అంది. అదే డబ్బు తీసుకుని ఓటెయ్యకుండా మానుకున్న అజిత్ సింగ్‌కు మాత్రం ఆ రక్షణ లేదంది! అంటే తీసుకున్న పనిని పూర్తిచేసినవాడు క్షేమం. ఈ తీర్పును తప్పని తేల్చడానికి 2024 మార్చి 4 దాకా, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్లు!

పీవీ గారంటే నాకూ గౌరవమే. కానీ ఆ ఇరవై ఆరేళ్లలో "అంతా ఒకటే" అని ఒక రైతు అనుకుంటే అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ మాట అతనికి టీవీ నేర్పలేదు.


కృష్ణాతీరం | శనివారం, మధ్యాహ్నం 3:30

మాస్టారు గారూ, ఇది బలమైన మాట, కాదనను. కానీ ఆ రైతుకు 2024 తీర్పు సంగతి ఎవరైనా చెప్పారా? ముడుపులు తీసుకుని ఓటేస్తే ఇకపై రక్షణ లేదు అన్నది ఈ దేశ ప్రజాస్వామ్యానికి పెద్ద వార్త. అది మన ఛానళ్లలో ఎంతసేపు నడిచింది? చెడు జరిగినప్పుడు మోగిన గంట, దిద్దుబాటు జరిగినప్పుడు కూడా అంతే గట్టిగా మోగాలి.


మాజీ సర్పంచ్ | శనివారం, సాయంత్రం 6:45

మీరంతా ప్రధానుల గురించి మాట్లాడుతున్నారు. ఊరి స్థాయిలో ఇది ఎలా ఉంటుందో రాస్తాను.

మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. ఎస్సీ కాలనీలో సీసీ కాలువ పని పెట్టాం. ఒక వీధిలో తాగునీటి పైపులైను అడ్డొచ్చింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు వచ్చి చూసి, ఆ వీధిలో కొంత తగ్గించి పక్క వీధిలో అంతే పెంచమన్నారు. కొలతలు ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతల పుస్తకంలో రాశారు. మొత్తం పొడవు ఎస్టిమేట్‌కు సరిపోయింది. నెల తిరగకుండా ఒక పత్రికలో "కాలువ పేరుతో నిధుల స్వాహా" అని వచ్చింది. ఆగిపోయిన చోట నిలబడి తీసిన ఫొటో వేశారు. రాసిన విలేకరి నాకు ఫోను చేయలేదు, పంచాయతీ ఆఫీసుకూ రాలేదు. "సర్పంచ్ వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అన్న వాక్యం కూడా లేదు, అంటే ఆ మాత్రం నటన కూడా అవసరం లేదనుకున్నారు.

విచారణకు ఆదేశించారు. పంచాయతీ చెక్కులపై సంతకం చేసే నా చెక్ పవర్ ఆగింది. పారిశుద్ధ్య కార్మికులకు జీతం ఇవ్వలేకపోయాం, మా ఆయన అప్పు తెచ్చి ఇచ్చాడు. డివిజన్ అధికారి టేపు పట్టుకుని ఊరంతా చూస్తుండగా రెండు వీధులూ కొలిచారు. నిధుల దుర్వినియోగం జరగలేదని నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక ప్రతి పట్టుకుని నేనే విలేకరి దగ్గరికి వెళ్లాను. "పంపుతాను కానీ డెస్కులో తీసుకోరమ్మా, ఇందులో వార్త ఏముంది?" అన్నాడు. వేయలేదు.

మా అమ్మాయి హాస్టల్లో చదివేది. తోటి పిల్లలు ఆ క్లిప్పింగ్‌ను ఫోనులో చూపించి "మీ అమ్మేనా?" అని అడిగారట. తర్వాతి ఎన్నికలప్పుడు అదే క్లిప్పింగ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరిగింది. విచారణ నివేదిక తిరగలేదు. నేను నిలబడలేదు. మా ఊళ్లో చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరు వార్డుకు పోటీ చేద్దామనుకుని, నా సంగతి చూసి మానుకున్నారు. మాస్టారు గారూ, మీ లెక్కల్లో ఈ ఇద్దరినీ ఎక్కడ వేస్తారు?


లెక్కల మాస్టారు | శనివారం, సాయంత్రం 7:10

అమ్మా, మీకు జరిగింది అన్యాయం. దానికి సర్దిచెప్పే మాట నా దగ్గర లేదు. నేను వాదిస్తున్నది పెద్ద నాయకుల గురించి. వాళ్లకు సొంత ఛానళ్లున్నాయి, లాయర్లున్నారు. మీకు ఏదీ లేదు. ఈ తేడాను ఈ చర్చలో ఎవరూ మరచిపోకూడదు.


నీలిసిరా | శనివారం, రాత్రి 8:25

నేను ఇప్పటి తరం. మా వయసువాళ్లు పత్రిక చదవరు, ముప్పై సెకన్ల వీడియో చూస్తారు. కాబట్టి అన్యాయం రూపం కూడా మారింది. రెండు ఉదాహరణలు చెబుతాను.

2006 డిసెంబర్‌లో జాతీయాభివృద్ధి మండలి సమావేశంలో మన్మోహన్ సింగ్ ఎస్సీ, ఎస్టీలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలు, మహిళలు, పిల్లల సంక్షేమం గురించి వరుసగా మాట్లాడారు. ఆ వరుసలో ముస్లిం మైనారిటీలకు అభివృద్ధి ఫలాలు అందాలని చెప్పి, వనరులపై మొదటి హక్కు వారిదై ఉండాలి అన్నారు. "వారి" అన్నది మొత్తం వరుసకు వర్తిస్తుందని ప్రధాని కార్యాలయం మరునాడే వివరణ ఇచ్చింది. ఆ వివరణను నమ్మాలో వద్దో పూర్తి ప్రసంగం చదివి ఎవరికి వారు తేల్చుకోవచ్చు. కానీ ఇప్పటికీ తిరిగే క్లిప్పులో ముందున్న వాక్యాలు ఉండవు. ఇక తేల్చుకునేది ఎక్కడ?

2017 నవంబర్‌లో గుజరాత్ సభలో రాహుల్ గాంధీ ఆలుగడ్డ వేస్తే బంగారం వచ్చే యంత్రం అన్నట్టు ఒక వీడియో వచ్చింది. పూర్తి వీడియోలో ఆయన అది మోదీ ఇచ్చిన హామీ అని ఆరోపిస్తూ, "ఇవి నా మాటలు కావు" అంటారు. ఆ ముక్క కత్తిరించారు. మోదీ నిజంగా అలా హామీ ఇచ్చారా అని ఆ ఆరోపణను కూడా పరీక్షించి ఉండాల్సింది. ఆ పనికి ఎవరికీ తీరిక దొరకలేదు. కోట్లాది మంది నవ్వుకున్నారు, అంతే.

మరో సంగతి. పదిహేడో లోక్‌సభలో స్థాయీ సంఘాల (బిల్లులను వివరంగా పరిశీలించే ఎంపీల బృందాల) పరిశీలనకు వెళ్లిన బిల్లులు 16 శాతమే. పదిహేనో లోక్‌సభలో అది 70 శాతం దాటింది. మన బతుకులను శాసించే చట్టాలు పరిశీలన లేకుండా వెళ్లిపోతున్నాయి. దీనిపై ఎన్ని చర్చలు చూశారు? సభలో కాగితాలు చించి విసిరిన దృశ్యం మాత్రం రోజంతా తిప్పుతారు. సంఘంలో కూర్చుని బిల్లును పేరా పేరా చదివే ఎంపీ ఎవరో మనకు తెలియదు. తెలియనివాడిని మెచ్చుకునేదెలా?


పాత విలేకరి | శనివారం, రాత్రి 9:40

నీలిసిరా గారు సరిగ్గా చెప్పారు. దీనికి మన తెలుగు నేల ప్రత్యేకతను కలపాలి. మన దగ్గర మీడియా రాజకీయ నాయకులందరినీ ద్వేషించదు. ఒక్కో పత్రిక, ఒక్కో ఛానల్ ఒక్కో పక్షాన్ని నలుపు చేసి, మరో పక్షానికి సున్నం కొడుతుంది. రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా "ఆ రెండు పత్రికలు" అంటూ ప్రతి వేదిక మీదా తిట్టారు. 2008లో ఆయన కుటుంబమే పత్రిక పెట్టింది. 2011లో తెలంగాణ ఉద్యమ పక్షానా ఒక పత్రిక వచ్చింది. నేడు చదువరి పత్రిక పేరు చూసి, వార్త చదవకుండానే లోపల ఏముందో చెప్పగలడు. నిజమైన కుంభకోణాన్ని బయటపెట్టినా "వాళ్లు వాళ్ల మీద రాస్తారులే" అని పేజీ తిప్పేస్తాడు. జనం నమ్మకం ఇలా కూడా చచ్చింది. ఇక్కడ నష్టపోయింది నాయకుడు కాదు, నిజం కోసం తిరిగిన విలేకరి.

కానీ ఒక హెచ్చరిక. "మీడియా మాకు అన్యాయం చేస్తోంది" అన్న మాట పాలకుడి నోట వచ్చినప్పుడు చెవులు రిక్కించండి. 1983లో "పెద్దల సభలో గలభా" అన్న శీర్షిక పెట్టినందుకు శాసనమండలి ఈనాడు సంపాదకుడిపై సభాహక్కుల ఉల్లంఘన చర్యకు దిగింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో నిరాధార వార్తలపై కేసులు వేయడానికి అధికారులకు వీలిస్తూ ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది. 2019 అక్టోబర్‌లో 2430 నంబరు జీవోతో అదే ఆలోచన మళ్లీ వచ్చింది. రెండుసార్లూ పాత్రికేయులు రోడ్డెక్కారు. సర్పంచ్ గారికి జరిగిన అన్యాయం పేరు చెప్పి ముఖ్యమంత్రులు తమకు కవచం చేయించుకోకుండా చూడాలి.


చెన్నై తెలుగు | ఆదివారం, ఉదయం 7:55

నిన్నటి నుంచి అందరూ మీడియానే అంటున్నారు. ఆ మీడియాకు సమాచారం అందించేది ఎవరు?

కేరళలో ఇస్రో గూఢచర్యం కేసు చూడండి. 1994 చివరలో మొదలైంది. శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. మలయాళ పత్రికలు నెలల తరబడి గూఢచారి కథలు అల్లాయి. ఆ కేసులో పేరు వినిపించిన తన పోలీసు అధికారిని ముఖ్యమంత్రి కరుణాకరన్ కాపాడుతున్నారని గోల లేచింది. 1995 మార్చిలో ఆయన గద్దె దిగారు. దింపింది ప్రతిపక్షం మాత్రమే కాదు, సొంత పార్టీలోని ప్రత్యర్థి వర్గం కూడా. 1996లో సీబీఐ ఆ కేసే అబద్ధమని తేల్చింది. 2018 సెప్టెంబర్‌లో నంబి నారాయణన్‌కు 50 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి కరుణాకరన్ చనిపోయి దాదాపు ఎనిమిదేళ్లు.

నాయకుడిని మీడియా ఒక్కటే చంపదు. పక్క కుర్చీలోని నాయకుడు కాగితం అందిస్తాడు, విలేకరి అచ్చువేస్తాడు. ఆ కాగితం ఎందుకిచ్చాడని అడగడమే విలేకరి మొదటి పని, అది జరగడం లేదు.


న్యాయపక్షం | ఆదివారం, ఉదయం 9:20

చెన్నై తెలుగు గారు చెప్పినదానికి జైన్ హవాలా కేసు సరిగ్గా సరిపోతుంది. జైన్ సోదరుల డైరీల్లో చెల్లింపుల పక్కన నాయకుల పేర్ల పొడి అక్షరాలున్నాయని 1996 జనవరిలో ఎల్.కె. ఆడ్వాణీతో సహా అన్ని పార్టీల వాళ్లపైనా అభియోగాలు వచ్చాయి. ఆడ్వాణీ లోక్‌సభకు రాజీనామా చేసి, బయటపడేదాకా రానన్నారు. ఆ ఏడాది ఎన్నికల్లో నిలబడలేదు. 1997 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది, వేరే ఆధారం లేకుండా డైరీ రాతలు ఒక్కటే చాలవంది. 1998లో మళ్లీ గెలిచారు. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా ఆ ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. మన నీలం సంజీవరెడ్డి గారు కూడా కర్నూలు బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకే 1964లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. ఇలాంటివాటిని రాజకీయాలను అసహ్యించుకునే పిల్లలకు ఎవరు చెబుతారు?


లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 10:10

సంజీవరెడ్డి గారి ఉదాహరణ నా వాదనకే బలం. అప్పుడు వ్యాఖ్యకే దిగిపోయారు, ఇప్పుడు జైలు నుంచి కూడా పదవి వదలరు. సరే, అది అలా ఉంచండి.

ఓటు సంగతి చెప్పి ఊరుకుంటాను. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46 శాతం చుట్టుపక్కలే. ఇంట్లో టీవీ, చేతిలో ఫోను ఉండి, రాజకీయాల మీద అందరికంటే ఎక్కువ మాట్లాడే నగరం అది. అదే 2024లో భువనగిరి లోక్‌సభ స్థానంలో 76 శాతం దాటింది. కృష్ణాతీరం గారు చెప్పిన నిస్పృహ ఉంది, కానీ అది ఎక్కువగా నగరాల్లోని సౌకర్యవంతుల జబ్బు. పల్లెలో పేదవాడు తిడతాడు, తిడుతూనే వరుసలో నిలబడి ఓటేస్తాడు. ఎందుకంటే పింఛను, రేషన్ కార్డు, ఉపాధి పని అన్నీ ఆ ఓటుకే ముడిపడి ఉన్నాయి.

ఇండోర్ కూడా గమనించండి. 2024లో కాంగ్రెస్ అభ్యర్థి ఆఖరి నిమిషంలో నామినేషన్ ఉపసంహరించుకుని బీజేపీలో చేరిపోయాడు. అక్కడ నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. అంతమంది ఎండలో నడిచి వెళ్లి తమ కోపం నమోదు చేసి వచ్చారు. దాన్ని నిస్పృహ అనకండి. ఆశ వదులుకున్నవాడు ఇల్లు కదలడు.


కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 10:48

మాస్టారు గారూ, ఇండోర్ మాట బాగుంది. అక్కడ ఓటర్లకు ఒక నిర్దిష్టమైన పని మీద, ఒక నిర్దిష్టమైన మనిషి మీద కోపం వచ్చింది. ఏం జరిగిందో వాళ్లకు స్పష్టంగా తెలుసు కాబట్టే వచ్చింది. నేను కోరుకునేది ఆ కోపాన్నే. 2011లో అవినీతిపై విచారణ జరిపే లోక్‌పాల్ కావాలని అన్నా హజారే ఉద్యమం ఢిల్లీ రాంలీలా మైదానంలో ఎంపీలందరినీ కలిపి తిట్టినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. లోక్‌పాల్ చట్టం 2013లో వచ్చింది. మొదటి లోక్‌పాల్ నియామకం ఎప్పుడు జరిగింది? 2019 మార్చిలో. అన్నేళ్లు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆ చప్పట్లు కొట్టినవాళ్లు, ఆ మైదానం నుంచి ప్రత్యక్ష ప్రసారాలు చేసినవాళ్లు ఎక్కడున్నారు? "అందరూ దొంగలే" అన్నవాడు ఇంటికెళ్లి పడుకున్నాడు. "ఈ కుర్చీ ఎందుకు నింపలేదు?" అని కోర్టులో గట్టిగా అడిగింది ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ.


నీలిసిరా | ఆదివారం, ఉదయం 11:30

సర్పంచ్ గారి విషయంలో ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా? ప్రెస్ కౌన్సిల్‌కు రాయవచ్చా? పాత విలేకరి గారూ, చెప్పగలరా?


పాత విలేకరి | ఆదివారం, మధ్యాహ్నం 12:15

ముందు సంపాదకుడికి లిఖితపూర్వకంగా రాయాలి. స్పందించకపోతే, దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కౌన్సిల్ మన్నించవచ్చు. కానీ 1978 చట్టం కింద కౌన్సిల్ చేయగలిగింది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. జరిమానా వేసే అధికారం లేదు. టీవీ దాని పరిధిలోకి రాదు. వార్తా ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ వేసే లక్ష రూపాయల జరిమానా ఏ మూలకు సరిపోతుందని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది.

అమ్మా, మీ వార్తకు గడువు ఎప్పుడో దాటింది. అయినా విచారణ నివేదిక ధ్రువీకృత ప్రతిని సమాచార హక్కు కింద తీసుకోండి. దాన్ని మీ వివరణతో జతచేసి సంపాదకుడికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, మండల విలేకరి చేతికి ఇవ్వకండి. డెస్కులో ఉన్నవాళ్లకు కాగితం నేరుగా అందితే వేసిన సందర్భాలు నేను చూశాను. ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే నాకు సందేశం పెట్టండి.


మాజీ సర్పంచ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ధన్యవాదాలు అన్నా. సమాచార హక్కు దరఖాస్తు రేపే వేస్తాను. ప్రతి చేతికి రాగానే ఒకటి సంపాదకుడికి పంపి, ఇంకొకటి గ్రామసభలో చదివించి పంచాయతీ బోర్డు మీద అంటిస్తాను. పోటీ మానుకున్న ఆ ఇద్దరమ్మాయిలను కూడా గ్రామసభకు రమ్మంటాను.


లెక్కల మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

అమ్మా, ఎం-బుక్ పేజీల నకలు కూడా అదే దరఖాస్తులో అడగండి. కొలతలు పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారుచేయాలంటే నాకు పంపండి, నేను చేసిస్తాను.